ఒంటెలకు కొన్న దుర్బీన్

కరోనా ఆంక్షలు సడలి, విమానాలు మళ్లీ మామూలుగా తిరగడం మొదలైన ఏడాది చలికాలంలో నన్ను సౌదీలో తబూక్ శివార్లలోని ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రానికి విద్యుత్ విభాగం సూపర్‌వైజర్‌గా వేశారు. అంతకు ముందు పదమూడేళ్లు రాబిగ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున మోటార్లు, ప్యానళ్లు చూశాను. సముద్రపు ఉప్పుగాలికి అలవాటుపడిన వాణ్ని తబూక్ చలికి మొదటి నెల రెండు స్వెట్టర్లు వేసుకుని తిరిగాను. కడప జిల్లాలో పుట్టినవాడికి చలంటే ఏమిటో ఆ ఊళ్లోనే తెలిసింది.

రిటైరై వచ్చాక తెలిసినవాళ్లు కొందరు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. తక్కువ ధరలో మంచి థర్మల్ కెమెరా ఏది కొనాలి అని. ఒకరికి కోళ్ల ఫారం ఉంది, ఒకరికి చిన్న మిల్లు ఉంది, ఇంకొకాయన పొలానికి అడవిపందుల బెడద. ఏ కంపెనీది కొనాలో నేను చెప్పను. నేనొకసారి కొన్నాను, దానివల్ల ఒక మనిషికి అన్యాయం జరిగింది, అదే చెబుతాను. విన్న తర్వాత ఎవరికి ఏది కావాలో వాళ్లే తేల్చుకోవచ్చు.

ఆ క్షేత్రంలో మా పని రెండు రకాలు. ఒకటి, బోర్లు, వాటి పంపుసెట్లు, గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లే పెద్ద పెద్ద ఇనుప చేతులు. రెండోది, పళ్ల శీతల గిడ్డంగి. ద్రాక్ష, పీచ్ పళ్లు కోతకొచ్చే ఎండాకాలంలో ఆ గిడ్డంగే మా అందరికీ అన్నం పెట్టేది. దాని గుండెకాయ ఒక గదిలో గోడ పొడవునా నిలబెట్టిన మెయిన్ ప్యానల్. అందులో బస్‌బార్లు ఉంటాయి. అంటే చేతి వెడల్పున్న రాగి పట్టీలు. కరెంటంతా వాటి మీదుగా వచ్చి ఒక్కో కంప్రెసర్‌కు ఒక్కో ఫీడర్‌గా చీలుతుంది. కేబుల్ చివర తొడిగే లోహపు తొడుగును లగ్ అంటాం. ఆ లగ్‌ను బస్‌బార్‌కు బోల్టుతో బిగించే చోటే ఈ వృత్తిలోని కష్టాలన్నీ పుడతాయి. బోల్టు కాస్త వదులైతే అక్కడ వేడి పుడుతుంది. వేడికి ఇంకా వదులవుతుంది. చివరికి మంట.

హోదాల వరస ఇది. పైన ముహందిస్, అంటే ఇంజినీరు. మా ముహందిస్ ఆదిల్ ఈజిప్టు మనిషి. మంచివాడే గానీ కోపం ముక్కు మీదే ఉండేది. ఆయన కింద నేను. నా కింద నలుగురు ఎలక్ట్రీషియన్లు, వాళ్లలో సీనియర్ గంగారాం. మెట్‌పల్లి దగ్గరి పల్లెటూరివాడు. నేను వచ్చేటప్పటికే ఆ క్షేత్రంలో ఎనిమిదేళ్లుగా ఉన్నాడు. ఫోర్‌మన్ పోస్టు ఖాళీగా ఉంది, అది తనకే వస్తుందని అతనూ అనుకున్నాడు, మేమూ అనుకున్నాం. ఊళ్లో ఎకరన్నర పసుపు చేను, దానికి నీళ్లియ్యని బోరు. ఫోర్‌మన్ వీసా మీద ఇంకో అయిదేళ్లు చేసి ఇంటికి పోతానని చెప్పేవాడు.

గంగారాంకు ఒక అలవాటుంది. శుక్రవారం జుమ్మా నమాజుకు ముందు ఒక గంట గిడ్డంగి మెయిన్ ప్యానల్‌ను ఆపేవాళ్లం. ప్యానల్ పూర్తిగా ఆగి, కరెంటు లేదని టెస్టరుతో చూసుకుని, ఎర్తు తగిలించాక, అతను జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసేవాడు. ఒక్కో బోల్టు తల మీద కందిగింజంత మైనం నొక్కి పెట్టేవాడు. మళ్లీ శుక్రవారం చూసినప్పుడు మైనం గింజ గింజలాగే ఉంటే జాయింటు బాగున్నట్టు. కరిగి జారితే ఆ బోల్టు సంగతి చూడాలి. ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు ఒక ముసలి లైన్‌మన్ దగ్గర నేర్చుకున్నానని చెప్పాడు. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను.

“ఏమప్పా గంగారాం, ప్యానల్‌కు పూజ చేస్తాండావా?”

“నవ్వుండ్రి సార్. మైనానికి అబద్ధం చెప్పరాదు,” అన్నాడు అతను, చెయ్యి ఆపకుండా.

 పద్ధతి మోటుదే అయినా తప్పు కాదు. ఆ చల్లటి గదిలో మంచి జాయింటు మైనం కరిగేంత వేడెక్కదు.

గొడవ బీమా కంపెనీ తనిఖీ మనిషితో మొదలైంది. అతను వసంతంలో వచ్చి ప్యానల్ తెరిపించి చూసి, బోల్టుల మీద ఆ తెల్లటి గింజలేమిటని అడిగాడు. మైనమని చెప్పగానే ముఖం చిట్లించాడు. మండే పదార్థం ప్యానల్‌లో ఉండకూడదని, సంవత్సరానికి రెండుసార్లు థర్మల్ పరీక్ష చేయించి నివేదిక పంపాలని రాసిపోయాడు. అప్పటిదాకా జెద్దా నుంచి ఒక సంస్థవాళ్లు ఏడాదికోసారి ఖరీదైన కెమెరాతో వచ్చి ఫొటోలు తీసి వెళ్లేవారు. రెండుసార్లంటే రెండింతల బిల్లు. ముహందిస్ ఆదిల్‌కు ఆ మాట వినగానే తిక్క లేచింది. మనమే ఒకటి కొనేద్దాం, చవకలో దొరికేది చూడమన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆయనకు ఇంకో తలనొప్పి ఉంది. చుట్టుపక్కల ఎడారిలో తిరిగే బదూల ఒంటెలు కంచె తోసుకుని మా బర్సీం మళ్లలోకి దిగేవి. బర్సీం అంటే పశువుల మేతగడ్డి. చీకటి పడ్డాక పదెకరాల మడిలో నల్లటి ఒంటె ఎక్కడుందో టార్చిలైటుతో వెతకాలంటే కాపలావాళ్ల ప్రాణం పోయేది. ఈ థర్మల్ వస్తువేదో చీకట్లో జంతువులను కూడా చూపిస్తుందట కదా అని ఆయన ఎక్కడో విన్నాడు. అయితే ఒక్కటే కొను, పగలు నీ ప్యానళ్లకు, సాయంత్రం నా ఒంటెలకు అన్నాడు. ఒకే దెబ్బకు రెండు పిట్టలన్నమాట.

నాకు అప్పటికే అరవై దగ్గరపడింది. ఆ వయసులో ఇఖామా, అంటే నివాస అనుమతి, ఏటా పొడిగించాలంటే ముహందిస్ ఒక మాట రాయాలి. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి నేను “హాజిర్” అన్నాను. సిద్ధమే అని. పనికిమాలిన మాటలు నోటికి ఎంత తొందరగా వస్తాయో!

సెలవు పెట్టి మక్కాకు ఉమ్రా యాత్రకు వెళ్లినప్పుడు తిరుగు ప్రయాణంలో జెద్దాలో రెండు రోజులు ఆగాను. అక్కడి బలద్ పేటలో పాత ఇళ్ల సందుల్లో, చవక లాడ్జీల మధ్య, ఎలక్ట్రానిక్ కొలత పరికరాలమ్మే దుకాణం ఒకటుంది. యజమాని సౌదీ మనిషే అయినా దుకాణం నడిపేది కరీం భాయ్, హైదరాబాద్ పాతబస్తీ మనిషి. అతను గాజు బల్ల మీద మూడు వస్తువులు పెట్టాడు.

మొదటిది ఫోనుకు తగిలించుకునేది, అగ్గిపెట్టెంత. బొమ్మ మసకగా ఉంది, పక్కకు నెట్టాను. రెండోది పిస్తోలు పిడిలాంటి పిడి ఉన్న తనిఖీ కెమెరా. తెర చిన్నది, బొమ్మ గళ్లు గళ్లుగా ఉంది. కానీ మధ్యలో ఒక గుర్తు, పక్కన ఉష్ణోగ్రత అంకె. ఏ వస్తువును చూస్తున్నామో దాని స్వభావాన్ని బట్టి లెక్క సరిచేసుకునే అమరిక కూడా ఉంది. మూడోది ఒంటికన్ను దుర్బీన్. వేటగాళ్లు, పశువుల మందలున్నవాళ్లు కొనేది. జర్మేనియం కటకం, చేతికి ఇమిడే బరువు.

ఇక్కడ చదువరికి ఒక్క ముక్క చెప్పాలి. ఇవన్నీ వెలుతురును చూడవు, వస్తువు నుంచి వచ్చే వేడి కిరణాలను చూస్తాయి. అందుకే చీకటితో వాటికి పనిలేదు. కానీ వేడిని చూడటం వేరు, కొలవడం వేరు. తనిఖీ కెమెరా కొలుస్తుంది. దుర్బీన్ చూస్తుందంతే. దాని ఎదుట ఉన్నవాటిలో అన్నిటికంటే వేడైనదాన్ని తెల్లగా, చల్లనిదాన్ని నల్లగా చూపిస్తుంది. ఆ తెలుపుకీ నలుపుకీ తేడా అయిదు డిగ్రీలా యాభై డిగ్రీలా అన్నది చెప్పదు.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక కరీం భాయ్ నన్ను మేడ మీదికి తీసుకెళ్లి ఆ దుర్బీన్ చేతిలో పెట్టాడు. ఏం చెప్పను! ఎదురింటి పిట్టగోడ మీద పిల్లి తెల్లగా మెరుస్తోంది, దాని చెవులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. కింద సందులో నడిచేవాళ్ల ముఖాలు తెల్లగా, ఒంటి మీది పొడవాటి అంగీలు, తోబులు, బూడిదరంగులో ఉన్నాయి. గోడకు నా అరచెయ్యి ఒక క్షణం ఆనించి తీస్తే, నా చెయ్యి గుర్తు ఆ గోడ మీద కాసేపు తెల్లగా ఉండి మెల్లగా ఆరిపోయింది. ముప్పై ఏళ్లుగా వేడితో వేగుతున్నవాణ్ని, వేడిని కళ్లతో చూడటం అదే మొదలు. చిన్నపిల్లాడిలా మళ్లీ మళ్లీ గోడకు చెయ్యి ఆనించాను.

కరీం భాయ్ ఉర్దూలో చెప్పింది తెలుగులో రాస్తున్నాను. “మియా, నా సరుకు నేనే కాదంటున్నానని అనుకోవద్దు. ఇది జంతువుల కోసం. అంకె లేదు. ప్యానళ్లకైతే ఆ పిడి కెమెరా తీసుకో. బొమ్మ బాగుండదు, పని బాగుంటుంది.” విడిగా విదేశం నుంచి తెప్పించుకోవాలని చూడొద్దని, ఇలాంటివి కస్టమ్స్‌లో ఆగిపోతాయని, బిల్లు మీద సంస్థ పేరు స్పష్టంగా రాయించుకోమని కూడా చెప్పాడు. తబూక్‌లో సైనిక స్థావరముంది కదా, ఆ దిక్కుకు దీన్ని ఎత్తి చూడొద్దని నవ్వుతూ హెచ్చరించాడు. దుకాణదారుడు ఇంతకంటే నిజాయితీగా ఉండలేడు.

పిడి కెమెరాతో యాభై మీటర్లలో ఉన్న మేకను కూడా పోల్చలేం. అది కొంటే ముహందిస్ ఒంటెలకు ఇంకొకటి కొనాలి. ఆయన ఒక్కదానికే ఒప్పుకున్నాడు. నేను మూడు కొటేషన్లు పట్టుకుని తబూక్ వచ్చాను. కొనుగోలు నియమం ప్రకారం వాటిని పక్కపక్కన వేసి ఒక పోలిక పట్టిక తయారుచేయాలి. చివరి గడిలో సాంకేతిక విభాగం తరఫున ‘మునాసిబ్’ అనో ‘గైర్ మునాసిబ్’ అనో రాసి సంతకం చేయాలి. పనికి తగినది, తగనిది అని. దుర్బీన్ ఎదుట, ప్యానల్ తనిఖీ అన్న వరుసలో, నేను ‘మునాసిబ్’ అని రాశాను. పెన్ను ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఇప్పుడు సిగ్గేస్తుంది.

దుర్బీన్ వచ్చింది. కాపలావాళ్లు సంబరపడ్డారు. ముహందిస్ మొదటి వారంలోనే మూడు ఒంటెలను పట్టించి, వాటి యజమానిని పిలిపించి, టీ పోసి మరీ చీవాట్లు పెట్టాడు. మేము ప్యానళ్ల ముందు నిలబడి దుర్బీన్‌తో బొమ్మలు తీసి బీమా కంపెనీకి పంపాం. బొమ్మలు అందంగా ఉండటంతో వాళ్లూ ఏమీ అడగలేదు. ఇక నేను చేసిన ఘనకార్యం, గంగారాం మైనం మాన్పించడం. దుర్బీన్ ఉండగా ఇంకా ఈ కొవ్వొత్తులేమిటి, తనిఖీవాళ్లు చూస్తే మళ్లీ రాస్తారు అన్నాను. గీకి శుభ్రం చేయించాను.  అతను కొవ్వొత్తి ముక్కను కాగితంలో చుట్టి పనిముట్ల సంచిలో వేసుకున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా తెలివి.

ఆ క్షేత్రంలో నా మూడో ఎండాకాలం, గిడ్డంగి నిండుగా ఉన్న రోజుల్లో, ఒక గురువారం పొద్దున గంగారాం నా గదికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడంటే ఏదో పెద్ద విషయమేనని నాకు తెలుసు.

“సార్, మూడో నంబర్ ఫీడర్ కాడ వాసనొస్తున్నది. ప్యానల్ తలుపు మీద చేతి ఎనక భాగం పెడితే సుర్రుమంటున్నది. రేపు జుమ్మా ముంగట ఒక్క గంట బంద్ చేయియ్యుండ్రి. బోల్టులు ఇప్పి చూస్త.”

శుక్రవారం ఆపే పద్ధతిని ఆ నెల ముహందిస్ రద్దు చేశాడు. పళ్ల లారీలన్నీ వెళ్లేదాకా గిడ్డంగి ఒక్క నిమిషం కూడా ఆగకూడదని ఆజ్ఞ. ఆపాలంటే నేను వెళ్లి ఆయన్ను అడగాలి. ఆయన అరుస్తాడు. నాకు ఇఖామా పొడిగింపు కాగితం ఆయన బల్ల మీదే ఉంది. అందుకని నేను దుర్బీన్ తీసుకుని గంగారాంతో ప్యానల్ గదికి వెళ్లాను. చేతి తొడుగులు, ముఖానికి కవచం వేసుకుని, దూరంగా నిలబడి తలుపు తీయించాను. దుర్బీన్‌లోంచి చూస్తే కేబుళ్ల ప్లాస్టిక్ తొడుగులు బూడిదరంగులో ఉన్నాయి, బస్‌బార్ మాత్రం నల్లగా ఉంది. అంటే చల్లగా ఉన్నట్టు.

“చూడప్పా, ఎంత చల్లగా ఉండాదో! ఊరికే భయపడతాండావు,” అని అతని చేతికిచ్చాను.

గంగారాం కవచం పైకెత్తి చాలాసేపు చూశాడు. తర్వాత తన చెయ్యి ఎత్తి అటూ ఇటూ ఊపాడు.

“సార్, నా చెయ్యి అండ్ల కనవడ్తున్నది. నేను ఊపితే అది ఊగుతున్నది. గా రాగి కొత్త తాంబాళం లెక్క మెరుస్తున్నది. ఇది దాని వేడి గాదు సార్, మనల్నే మనకు సూపిస్తున్నది.”

ఎనిమిదో తరగతి చదివిన మనిషి తనంతట తానే పట్టుకున్నాడు. మెరిసే లోహం తన వేడిని బయటికి సరిగ్గా వదలదు. ఎదుట ఉన్నవాటి వేడిని అద్దంలా తిప్పి చూపిస్తుంది. అది ఎంత కాగినా ఈ పరికరాల కంటికి చల్లగానే ఉంటుంది. దానికి మందు చాలా చిన్నది. ప్యానల్ ఆపినప్పుడు జాయింటు పక్కన వేలెడు నల్ల టేపు అంటించాలి. టేపు రాగితో సమానంగా కాగుతుంది, తన వేడిని దాచుకోదు. మళ్లీ లోడు మీద పెట్టి ఆ టేపును చూడాలి. ఈ సంగతి రాబిగ్‌లో ఒక శిక్షణ తరగతిలో నేను విన్నదే. పరీక్షలో రాసిందే కూడా. కానీ టేపు అంటించాలన్నా ప్యానల్ ఆపాలి. ఆపాలంటే ముహందిస్‌ను అడగాలి.

“లారీలు పోనీప్పా. వచ్చే వారం చూద్దాం,” అన్నాను.

“మీ ఇష్టం సార్,” అన్నాడు. ఒక్క అడుగు వేసి ఆగి, “నేనైతే చెప్పిన,” అని వెళ్లిపోయాడు.

సోమవారం సాయంత్రం అసర్ నమాజు వేళ ఆ జాయింటు పేలింది. గదిలో ఎవరూ లేరు, దేవుడి దయ. తలుపు బయటికి ఉబ్బింది, గోడ మీద మసి పైకప్పుదాకా పాకింది. జనరేటర్‌కు మార్చే స్విచ్ కూడా ఆ ప్యానల్‌లోనే ఉండటంతో అది కూడా కాలిపోయింది. గిడ్డంగి రెండు రోజులకు పైగా ఆగిపోయింది. పీచ్ పళ్లు బయట పారబోస్తుంటే ఆ తీపి వాసనకు ఈగలు మూగాయి. కాలిన లగ్ చేతిలోకి తీసుకుని చూశాను. అల్యూమినియం లగ్. వెనకటి ఏడాది కొత్త కంప్రెసర్ కలిపినప్పుడు బయటి కాంట్రాక్టర్ మనుషులు దాన్ని నేరుగా రాగి మీద బిగించారు. రెండు లోహాల మధ్య ఉండాల్సిన వాషర్ లేదు. అలాంటి జాయింటు ఎవరు ఎంత బిగించినా మళ్లీ వదులవుతుంది. ఇందులో గంగారాం తప్పు ఆవగింజంత కూడా లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ లగ్ పట్టుకుని నిలబడ్డాను.

విచారణ బుధవారం ముహందిస్ గదిలో జరిగింది. ముహందిస్, బీమా మనిషి, సిబ్బంది వ్యవహారాలు చూసే ముదీర్, నేను. అంతా అరబ్బీలో. మొదట నన్ను అడిగారు. థర్మల్ పరీక్ష చేశారా? చేశాం. ఏం కనిపించింది? అసాధారణమైనదేదీ కనిపించలేదు. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు చూడండి! ఆ జాయింటు చివరిసారి బిగించిందెవరు? వార్షిక నిర్వహణ కార్డు తీశారు. గంగారాం సంతకం ఉంది.

గంగారాంను పిలిచారు. అతను బోల్టుల పేర్లు, పనిముట్ల పేర్లు, సలాములు తప్ప అరబ్బీ మాట్లాడడు. దుబాసీగా నన్నే ఉండమన్నారు. ముదీర్ అడిగాడు, ఈ జాయింటు ఎందుకు వదులైంది, నువ్వు సరిగ్గా బిగించలేదా అని. నేను తెలుగులో అడిగాను.

గంగారాం నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. “బిగించిన సార్. కానీ మొన్న గురువారం వాసనొస్తున్నదని మీకు చెప్పిన గద. గంట బంద్ చేయియ్యమని అడిగిన గద. దుర్బీన్ల మన చెయ్యి కనవడ్తున్నదని గూడ చెప్పిన. మీకెరుకే.”

ముదీర్ నా ముఖంలోకి చూస్తున్నాడు. ముహందిస్ కూడా.

నేను అరబ్బీలో ఇలా చెప్పాను. “తన పని తాను సరిగ్గానే చేశానంటున్నాడు. ఎందుకు వదులైందో తెలియదంటున్నాడు.”

అంత పొడవైన మాట ఇంత పొట్టిగా ఎలా అయిందని ఎవరూ అడగలేదు. లగ్ గురించి కూడా నేను నోరెత్తలేదు. ఆ కాంట్రాక్టర్ పని సరిగ్గా ఉందని ఒప్పుకుంటూ సంతకం చేసింది కూడా నేనే. గంగారాం ఒక్క క్షణం నన్నే చూసి తల దించుకున్నాడు. నేను చెప్పింది అతనికి అర్థం కాలేదనుకున్నాను. నాకు ధైర్యమిచ్చిందల్లా ఆ ఆలోచనే. ఛీ!

నిర్లక్ష్యం అని రాసి అతన్ని ఫైనల్ ఎగ్జిట్ మీద పంపేశారు. మళ్లీ ఆ కంపెనీలోకి రానివ్వరు. పదకొండేళ్ల సర్వీసుకు ఇచ్చే అనుభవ పత్రం కూడా ఇవ్వలేదు. అది లేనిదే ఇంకో దేశంలో ఎలక్ట్రీషియన్ వీసా దొరకడం కష్టం. బస్సు ఎక్కించడానికి నేనే వెళ్లాను. చెయ్యి కలిపి, “పైలం సార్,” అన్నాడు, జాగ్రత్త అని. నా ఇఖామా ఇంకో ఏడాది పొడిగించారు. ఆ ఏడాది నేను ఆ ప్యానల్ గదిలోకి వెళ్లిన ప్రతిసారీ నా మీద నాకే ఏవగింపు పుట్టేది.

రిటైరై వచ్చాక నాలుగు నెలలకు మెట్‌పల్లి వెళ్లాను. ముందే ఫోన్ చేస్తే వద్దంటాడేమోనని చేయలేదు. గంగారాం ఊరి రోడ్డు మీద మోటార్ల వైండింగ్ షెడ్డు పెట్టుకున్నాడు. కాలిన బోరు మోటారు విప్పుతూ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేసి, టీ తెప్పించాడు. కాసేపు ఇద్దరం ఎవరెవరు ఎక్కడున్నారో మాట్లాడుకున్నాం.

నేను వెంట ఒక కాగితం తీసుకెళ్లాను. మూడు రోజులు కూర్చుని తెలుగులో, నా చేత్తో రాసింది. గురువారం అతను హెచ్చరించాడని, ప్యానల్ ఆపమని అడిగాడని, నేను ఆపలేదని, లగ్ తప్పు కాంట్రాక్టర్‌దని, దాన్ని ఒప్పుకుంటూ సంతకం పెట్టింది నేనేనని, దుర్బీన్ ఆ పనికి పనికిరాదని తెలిసీ కొన్నానని, అన్నీ రాశాను. ఎవరికైనా చూపించుకోమని, కావాలంటే ఇంగ్లీషులోకి మార్పించి నోటరీ చేయిస్తానని చెప్పాను.

అతను చేతులకున్న గ్రీసు గుడ్డతో తుడుచుకుని కాగితం తీసుకున్నాడు. పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. చదివి మడిచి నాకే ఇచ్చేశాడు.

“నాకు యాభై దాటినయి సార్. ఇప్పుడు వీసా ఎవలిస్తరు? ఇది మీ దగ్గర్నే ఉంచుకోండ్రి.”

నేను ఆ రోజు విచారణలో అతని మాట పూర్తిగా చెప్పలేదని, క్షమించమని అన్నాను. 

“ఎరుకే సార్. మాట్లాడరాకున్నా పదకొండేండ్లు ఆ బాస ఇన్నోన్ని. మీరేం చెప్పిండ్రో గప్పుడే సమజైంది.”

“మరి అప్పుడే ఎందుకు అనలేదప్పా?”

“అంటే ఎవలు నమ్ముతరు? మీరు చదువుకున్నోల్లు, సంతకాలు మీయి.” అతను మళ్లీ మోటారు ముందు కూర్చుని స్పానర్ అందుకున్నాడు. “తెలుగుల మంచిగ రాసిండ్రు సార్. గా రూముల అరబ్బీల చెప్పుంటే సరిపోతుండె.”

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి రెండు. థర్మల్ పరికరం చవకగా కొనేవాడు ముందు దాని కంటికి ఏది కనిపించదో తెలుసుకోవాలి. మెరిసే రాగిని అది చూడలేదు, గాజు వెనకున్నదాన్ని చూడలేదు, వేడి ఎంతో దుర్బీన్ చెప్పలేదు. జంతువులకు కొన్నది జంతువులకే వాడాలి. రెండోది, కింది మనిషి ప్యానల్ ఆపమని అడిగితే ఆ మాటను అదే రోజు కాగితం మీద పెట్టి, అతని పేరుతో పైకి పంపాలి. ఆపాలా వద్దా అన్నది పైవాళ్లు తేలుస్తారు. ఆ మాటను మధ్యలో ఆపే అధికారం సూపర్‌వైజర్‌కు ఏ నియమావళీ ఇవ్వలేదు. నేను తీసుకున్నాను.